కణ డిటెక్టర్ల నియంత్రణ, పర్యవేక్షణ: కోలార్ గనుల నుంచి హాన్లే వరకు

కంటికి కనిపించని కణం ఒక పదార్థంలోంచి దూసుకుపోతూ విడిచిన జాడను విద్యుత్ సంకేతంగా మార్చే యంత్రాన్ని కణ భౌతికశాస్త్రంలో డిటెక్టర్ అంటారు. పెద్ద డిటెక్టర్ల గురించి వెలువడే రచనల్లో ఆ సంకేతాలకూ, వాటి నుంచి తేలిన ఫలితాలకూ దక్కినంత చోటు, సంకేతం పుట్టిన క్షణంలో యంత్రం ఏ స్థితిలో ఉందన్న విషయానికి దక్కదు. ఆ క్షణంలో వోల్టేజి ఎంత, వాయువు ఏ పాళ్లలో కలిసింది, గదిలో వేడి, తేమ ఎంత, ఏ భాగం పనిచేస్తోంది, ఏది మొరాయించింది అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేది, అవసరమైనప్పుడు వాటిని మార్చేది నియంత్రణ, పర్యవేక్షణ వ్యవస్థ. కణాల సంకేతాలు సెకనులో వందకోట్ల వంతు కాలంలో నడుస్తాయి. ఉష్ణోగ్రత, పీడనం, వోల్టేజి వంటివి సెకన్లలో, నిమిషాల్లో మారతాయి. అందుకే నిపుణులు దీనికి ‘స్లో కంట్రోల్’ అని పేరు పెట్టుకున్నారు. పేరులో నిదానం ఉన్నా ప్రాధాన్యంలో ఇది వెనకబడినది కాదు. ఏ ప్రయోగమైనా చివరికి చెప్పేది ఇన్నాళ్లలో ఇన్ని ఘటనలు జరిగాయన్న నిష్పత్తినే. అందులో లవాన్ని డిటెక్టర్ సంకేతాలు ఇస్తే, హారాన్ని, అంటే యంత్రం ఎంతకాలం, ఎంత సమర్థంగా మేలుకుని ఉందన్న లెక్కను, ఈ వ్యవస్థ ఇస్తుంది. హారం తప్పితే లవం ఎంత కచ్చితమైనా ఫలితం నిలబడదు. అందువల్ల నియంత్రణ వ్యవస్థను కొలతకు సేవచేసే అనుబంధంగా కాక కొలతలో ఒక భాగంగానే రూపొందించాలన్నది గత అరవై ఏళ్ల అనుభవం నుంచి తేలే సారాంశం.

దక్కన్ రాతి కింద తొలి పాఠం

ఈ చరిత్రలో తొలి అధ్యాయాల్లో ఒకటి తెలుగు నేలకు ఆనుకునే నడిచింది. కర్నూలు జిల్లా పశ్చిమాన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం నిలిచిన ప్రాచీన శిలాఫలకాన్ని భూగర్భ శాస్త్రవేత్తలు ధార్వాడ్ క్రేటన్ అంటారు. ఆదోనికి ఆగ్నేయాన ఉన్న జొన్నగిరి, వాయవ్యాన రాయచూరు జిల్లాలో ఉన్న హట్టి, దక్షిణాన చిత్తూరు సరిహద్దుకు దగ్గరలో ఉన్న కోలార్, మూడూ ఆ ఫలకంలోని బంగారు శిలాపట్టీలే. తెలుగు మాట్లాడేవారు పెద్ద సంఖ్యలో ఉన్న కోలార్ జిల్లాలో బంగారం కోసం తవ్విన గనులు ప్రపంచంలోనే అత్యంత లోతైన వాటిలో చేరాయి. ఆ లోతే భౌతిక శాస్త్రవేత్తలను అక్కడికి రప్పించింది, ఎందుకంటే అంతరిక్షం నుంచి నిరంతరం కురిసే కాస్మిక్ కిరణాల తాకిడిని తగ్గించడానికి మందపాటి రాతిపొరను మించిన కవచం లేదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు జపాన్‌లోని ఒసాకా సిటీ విశ్వవిద్యాలయం, బ్రిటన్‌లోని డరమ్ విశ్వవిద్యాలయం వారితో కలిసి, సుమారు 2.3 కిలోమీటర్ల లోతున అమర్చిన డిటెక్టర్లతో 1965లో వాతావరణంలో పుట్టిన న్యూట్రినోల, అంటే పదార్థంతో అతి అరుదుగా తలపడే కణాల, జాడను నమోదు చేశారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో మరో బృందం కూడా అదే విషయాన్ని నిర్ధారించింది.

నియంత్రణ వ్యవస్థ విలువను స్పష్టంగా చూపించింది 1980లో అదే గనిలో మొదలైన ప్రోటాన్ క్షయ ప్రయోగం. శాశ్వతమని భావించిన ప్రోటాన్ కూడా ఏనాటికో విచ్ఛిన్నమవుతుందని కొన్ని సిద్ధాంతాలు ప్రతిపాదించడంతో, ఇనుప పలకల మధ్య 34 వరుసల్లో ప్రపోర్షనల్ కౌంటర్లను పేర్చి సుమారు 140 టన్నుల డిటెక్టర్‌ను నిర్మించారు. వాయువు నింపిన ఇనుప గొట్టం నడుమ సన్నని తీగను అధిక వోల్టేజిలో ఉంచి, కణం దాటినప్పుడు విడుదలయ్యే విద్యుదావేశాన్ని కొలిచే పరికరమే ప్రపోర్షనల్ కౌంటర్. అంత ఇనుములో ఉండే ప్రోటాన్లు, న్యూట్రాన్ల సంఖ్య 8 పక్కన 31 సున్నాలు పెట్టినంత. వాటి సగటు జీవితకాలం 1 పక్కన 31 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలే అయితే ఏడాదికి ఎనిమిది ఘటనల చొప్పున మాత్రమే ఎదురవుతాయి. ఇలా వేళ్లమీద లెక్కపెట్టే ఘటనల్లో ప్రతిదానికీ ఆ రోజు ఏ వరుస పనిచేసింది, ఏ గొట్టంలో వాయువు చెడింది, కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వచ్చింది అన్న సాక్ష్యం కావాలి. లోతుకు వెళ్లేకొద్దీ రాయి వేడెక్కే గనిలో ఆ సాక్ష్యాన్ని పోగుచేయడం తేలిక కాదు. ఆ బృందం క్షయ ఘటనలు కావచ్చని కొన్నిటిని ప్రకటించినా, అమెరికా, జపాన్‌లలో తర్వాత పనిచేసిన పెద్ద డిటెక్టర్లు వాటిని ధ్రువీకరించలేదు. 1990ల తొలి ఏళ్లలో ప్రయోగాలు ముగిశాయి, 2001లో గని మూతపడింది. అదే రకం ఇనుప కౌంటర్లు ఆ తర్వాత ఊటీలోని గ్రేప్స్-3 ప్రయోగంలో 3,712 సంఖ్యలో నిలబడి, వాతావరణ పీడనం, ఉష్ణోగ్రతల ప్రభావాన్ని సవరించుకుంటూ మ్యూయాన్లు అనే కణాల రాకను ఏళ్ల తరబడి లెక్కించాయి. 2014 డిసెంబరు 1న ఒక ఉరుముల మేఘంలో సుమారు 130 కోట్ల వోల్టుల విద్యుత్ పొటెన్షియల్ ఏర్పడిందని ఆ లెక్కల్లోని స్వల్ప తగ్గుదల నుంచే నిర్ధారించగలిగారు. పరికరం స్వభావాన్ని అంత నిశితంగా గమనించకపోతే, ఆ తగ్గుదల మేఘం వల్ల వచ్చిందో కౌంటర్ల లోపం వల్ల వచ్చిందో తేల్చడం సాధ్యమయ్యేది కాదు.

ఏది కొలవాలి: వేడి, తేమ, వాయువు

నియంత్రణ వ్యవస్థ రూపకల్పనలో మొదటి ప్రశ్న ఏ భౌతిక రాశులను కొలవాలన్నది. దీనికి రెసిస్టివ్ ప్లేట్ చాంబర్లు, క్లుప్తంగా ఆర్‌పీసీలు, మంచి ఉదాహరణ. రెండు గాజు లేదా బేకలైట్ పలకల మధ్య 2 మిల్లీమీటర్ల ఖాళీలో ప్రత్యేక వాయు మిశ్రమాన్ని ప్రవహింపజేసి, వాటికి సుమారు 10 వేల వోల్టులు ఇస్తే, కణం దాటినచోట వాయువులో చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది. ఆ ప్రవాహం పరిమాణం వోల్టేజి మీదే కాక వాయువు సాంద్రత మీద కూడా ఆధారపడుతుంది గనుక, గది వేడెక్కినా వాతావరణ పీడనం తగ్గినా చాంబర్ నడక మారిపోతుంది. కాబట్టి వోల్టేజిని ఒకే విలువ దగ్గర బిగించి ఉంచడం చాలదు. పీడనం, ఉష్ణోగ్రతలను గమనిస్తూ దాన్ని సవరించుకుంటూ పోవాలి.

ఈ రాశులను ఆలస్యంగా గుర్తించడం వల్ల కలిగే నష్టానికి రెండు అంతర్జాతీయ ప్రయోగాలు సాక్ష్యమిస్తాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ ప్రయోగశాలలో బాబర్ డిటెక్టర్ 1999 వేసవిలో పని మొదలుపెట్టినప్పుడు, ఎలక్ట్రానిక్స్ విడిచిన వేడికి వేసవి వేడి తోడై ఆర్‌పీసీలు 30 డిగ్రీలు దాటి వేడెక్కాయి. లోపలి గోడలకు పూసిన అవిసె నూనె పూర్తిగా ఆరకపోవడం కూడా తోడవడంతో చాలా చాంబర్లు శాశ్వతంగా సామర్థ్యం కోల్పోయాయి, తర్వాత చల్లబరిచినా కోలుకోలేదు. జపాన్‌లోని బెల్ డిటెక్టర్‌లో గాజు ఆర్‌పీసీలకు వాయువును చేరవేసిన ప్లాస్టిక్ గొట్టాల గోడల గుండా గాలిలోని తేమ లోపలికి ఇంకింది. ఆ తేమ వాయువులోని ఫ్లోరిన్ సమ్మేళనాలతో కలిసి గాజును తినేసే ఆమ్లంగా మారడంతో విద్యుత్ లీకేజీ పెరిగింది. గొట్టాలను రాగివాటితో మార్చాక గాని సమస్య అదుపులోకి రాలేదు. రెండుచోట్లా ముప్పు వచ్చింది కణాల వైపు నుంచి కాదు, పరిసరాల వైపు నుంచి. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఆదోని, ఎమ్మిగనూరు వంటి ప్రాంతంలో ఇలాంటి చాంబర్‌ను నడపాలంటే, శీతలీకరణ, తేమ కొలతలు డిటెక్టర్ తయారైన తర్వాత చేర్చే సదుపాయాలుగా ఉండకూడదని, దాని తొలి నమూనాపటంలోనే చోటు పొందాలని ఈ అనుభవం చెబుతోంది.

వాయువుకు మరో కోణం కూడా ఉంది. ఆర్‌పీసీల్లో సాధారణంగా వాడే ఆర్-134ఏ, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ రెండూ బలమైన గ్రీన్‌హౌస్ వాయువులు. భూతాపాన్ని పెంచడంలో రెండోదాని సామర్థ్యం వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్‌కు 20 వేల రెట్లకు పైగా ఉంటుంది. అందువల్ల లీకులను పసిగట్టడం, వాడిన వాయువును శుద్ధిచేసి మళ్లీ తిప్పడం పర్యావరణ బాధ్యతగా కూడా పర్యవేక్షణ పరిధిలోకి వచ్చాయి.

అంచెల నిర్మాణం

రెండో ప్రశ్న, కొలిచిన విలువలు ఎవరికి చేరాలి, ఆజ్ఞలు ఎవరు ఇవ్వాలన్నది. తమిళనాడులో తేని జిల్లా బోడి పశ్చిమ కొండల కింద ప్రతిపాదించిన భారత న్యూట్రినో అబ్జర్వేటరీలోని ఐకాల్ డిటెక్టర్ ఇందుకు తగిన కొలమానం. 50 వేల టన్నుల అయస్కాంతీకరించిన ఇనుమును మూడు భాగాలుగా పేర్చి, పొరల మధ్య రెండేసి మీటర్ల చదరపు ఆర్‌పీసీలు సుమారు 28,800 అమర్చాలన్నది ఆ పథకం. ఒక్కో చాంబర్‌కు 128 సంకేత పట్టీల చొప్పున అవి 36 లక్షలు దాటుతాయి. వోల్టేజి, లీకేజీ కరెంటు, ఉష్ణోగ్రత, తేమ, వాయు ప్రవాహం వంటివి చాంబర్‌కు పది చొప్పున లెక్కవేసినా 2 లక్షల 88 వేల రాశులను గమనించాలి. వాటిని ఏ ఒక్క మనిషీ, ఏ ఒక్క కంప్యూటరూ సూటిగా గమనించలేవు.

దీనికి ప్రపంచమంతటా ఒప్పుకున్న పరిష్కారం అంచెల అమరిక. కింది అంచెలో సెన్సర్లు, వాటి విలువలను అంకెలుగా మార్చే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డులు ఉంటాయి. మధ్య అంచెలో పరిశ్రమల్లో వాడే ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్లు, అంటే నిర్ణీత తర్కాన్ని నిరంతరం నడిపే గట్టి కంప్యూటర్లు ఉంటాయి. పై అంచెలో ఆపరేటర్ తెర, డేటాబేస్, మొత్తం డిటెక్టర్‌ను ఒకే స్థితిగా చూపే సాఫ్ట్‌వేర్ ఉంటాయి. ఆదోని, ఎమ్మిగనూరు పొలాలకు నీరిచ్చే తుంగభద్ర దిగువ కాలువ మీద తూము దగ్గరి లస్కరు చెప్పిన మట్టం సెక్షన్ ఇంజినీరుకు, అక్కడి నుంచి సారాంశంగా పై అధికారికి చేరి, పైనుంచి వచ్చిన ఆజ్ఞ అదే దారిలో తూము దాకా దిగినట్టే, ఇక్కడ కూడా స్థితి పైకి, ఆజ్ఞ కిందికి నడుస్తాయి. ఒక్కో భాగం ‘ఆపివేత’, ‘సిద్ధం’, ‘వోల్టేజి పెరుగుతోంది’, ‘లోపం’ వంటి కొన్ని పరిమిత స్థితుల్లోనే ఉండాలనీ, ఒక స్థితి నుంచి మరో స్థితికి నిర్ణీత ఆజ్ఞల ద్వారానే మారాలనీ నిర్దేశించే పద్ధతిని పరిమిత స్థితి యంత్రం అంటారు. దీనివల్ల వేల చాంబర్ల గుంపుకు ‘సిద్ధం కండి’ అన్న ఒక్క ఆజ్ఞ సరిపోతుంది. పైగా ఏదైనా ఒక భాగం చెడితే దాన్ని గుంపు నుంచి వేరుచేసి నిపుణుడికి అప్పగించి, మిగతా డిటెక్టర్‌ను యథాతథంగా నడపవచ్చు. ఈ రెండో సౌలభ్యమే మొదటిదానికన్నా విలువైనదని పెద్ద ప్రయోగాల అనుభవం.

రక్షణ: సాఫ్ట్‌వేర్‌కు అప్పగించకూడని పని

మూడో ప్రశ్న ప్రమాదాలకు సంబంధించింది. స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ సరిహద్దులోని సెర్న్ ప్రయోగశాలలో మనుషులకో పరికరాలకో ముప్పు తెచ్చే పరిస్థితులను నిలువరించే పనిని రోజువారీ నియంత్రణ సాఫ్ట్‌వేర్‌కు వదలకుండా, దానితో సంబంధం లేకుండా సొంతంగా పనిచేసే వేరే రక్షణ వ్యవస్థకు అప్పగించారు. నెట్‌వర్క్ తెగినా, కంప్యూటర్ స్తంభించినా, ఆపరేటర్ నిద్రపోయినా నీళ్లు కారుతున్నచోట విద్యుత్ సరఫరా ఆగిపోవాలన్నది దాని సూత్రం.

ఆ సూత్రానికి కూడా హద్దులున్నాయని జపాన్‌లోని సూపర్ కమియొకాండే ప్రమాదం తెలియజేసింది. 2001 నవంబరు 12న ఆ డిటెక్టర్ తొట్టిలో నీళ్లు నింపుతుండగా ఒక ఫోటోమల్టిప్లయర్ ట్యూబు, అంటే మసక వెలుగును సంకేతంగా మార్చే పెద్ద గాజు బల్బు, లోపలికి పగిలిపోయింది. దాని తాకిడికి పక్కవి, వాటి పక్కవి వరుసగా పగిలి, సుమారు 11 వేల ట్యూబుల్లో సగానికి పైగా క్షణాల్లో నాశనమయ్యాయి. అంత వేగానికి ఏ నియంత్రణ వ్యవస్థా స్పందించలేదు. అందుకే ఆ తర్వాత ప్రతి ట్యూబుకూ గట్టి తొడుగు వేశారు. పర్యవేక్షణతో ఆపగల ప్రమాదాలేవి, యంత్ర నిర్మాణంతోనే ఆపవలసినవేవి అన్న విభజనను రూపకల్పన దశలోనే చేసుకోవాలన్నది ఈ ఘటన సారం.

సెర్న్‌లోని భారీ కణ త్వరణ యంత్రం ఎల్‌హెచ్‌సీలో 2008 సెప్టెంబరు 19న జరిగిన ప్రమాదం మరో విషయం నేర్పింది. రెండు అతివాహక, అంటే విద్యుత్తును నిరోధం లేకుండా ప్రవహింపజేసే, అయస్కాంతాల మధ్య విద్యుత్ అతుకు ఒకటి లోపభూయిష్ఠంగా ఉండి కరిగిపోవడంతో టన్నులకొద్దీ హీలియం ఉవ్వెత్తున వెలువడి, 50కి పైగా అయస్కాంతాలను తీసి మార్చవలసి వచ్చింది, యంత్రం ఏడాదికి పైగా ఆగిపోయింది. తర్వాత భద్రపరచిన ఉష్ణోగ్రత రికార్డులను పరిశీలిస్తే, ఆ విభాగంలో అసాధారణ వేడి ప్రమాదానికి కొద్ది రోజుల ముందే నమోదై ఉందని తేలింది. రికార్డు ఉండడం ఒకటి, దాన్ని సకాలంలో చదివే యంత్రాంగం ఉండడం మరొకటి. ఆ తర్వాత వేల అతుకుల నిరోధాన్ని నిరంతరం కొలిచే కొత్త పొరను రక్షణ వ్యవస్థకు చేర్చారు. అతివాహకత హఠాత్తుగా కోల్పోవడాన్ని క్వెంచ్ అంటారు. ఆ సమయంలో అయస్కాంతాలను కాపాడే వేలాది విద్యుత్ పరికరాలు ఎల్‌హెచ్‌సీకి భారతదేశం నుంచే వెళ్లాయనీ, వాటి తయారీలో హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, పాలుపంచుకుందనీ ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఒకే చట్రం, హెచ్చరికలు, రికార్డులు

నాలుగో ప్రశ్న సాఫ్ట్‌వేర్ ఎవరు రాయాలన్నది. సెర్న్‌లో వెనకటి తరం ప్రయోగాలు ఎవరికి వారు సొంత నియంత్రణ సాఫ్ట్‌వేర్ రాసుకోగా, వాటి నిర్వహణ భారం చూశాక 1990ల చివర ఎల్‌హెచ్‌సీ ప్రయోగాలన్నీ కలిసి ఉమ్మడి నియంత్రణ ప్రాజెక్టు ప్రారంభించాయి. ఆస్ట్రియాలో తయారైన ఒక పారిశ్రామిక పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌ను పునాదిగా ఎంచుకుని, దానిపైన డిటెక్టర్లకు కావలసిన ఉమ్మడి భాగాలను నిర్మించాయి. దీనికి సమాంతరంగా అమెరికాలోని లాస్ అలమోస్, ఆర్గోన్ ప్రయోగశాలల్లో పుట్టిన ‘ఎపిక్స్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో అనేక త్వరణ యంత్రాలకు, భారతదేశంలోనూ కొన్ని అణు పరిశోధన సంస్థలకు ఆధారమైంది. మొదటి మార్గంలో కంపెనీ మద్దతు దొరుకుతుంది గాని లైసెన్సు ఖర్చు, పరాధీనత ఉంటాయి. రెండో మార్గంలో స్వేచ్ఛ ఉంటుంది గాని నిలకడైన నిపుణులు సంస్థలోనే ఉండాలి. ఏ మార్గమైనా ఫరవాలేదు గాని, ప్రతి విద్యార్థీ తన పరిశోధన కోసం ప్రత్యేకంగా రాసుకుని, పట్టా రాగానే వదిలివెళ్లే సాఫ్ట్‌వేర్ మీద ముప్పై ఏళ్లు నడవవలసిన డిటెక్టర్‌ను నిలబెట్టకూడదన్న విషయంలో ఈ రంగంలో పెద్దగా భేదాభిప్రాయం లేదు.

హెచ్చరికల రూపకల్పనలో ఎక్కువ వ్యవస్థలు విఫలమవుతాయి. ప్రతి విలువకూ ఒక హద్దు పెట్టి, దాటినప్పుడల్లా గంట మోగించడం తేలిక. కానీ విద్యుత్ సరఫరా ఒక్కసారి తొణికితే వేల గంటలు ఒకేసారి మోగి, అసలు కారణం వాటి కింద కప్పబడిపోతుంది. బ్రిటన్‌లోని పరిశ్రమల సంఘం ఈఈఎంయూఏ రూపొందించిన మార్గదర్శకం, మామూలు పరిస్థితుల్లో ఒక ఆపరేటర్‌కు పది నిమిషాలకు ఒకటికి మించి హెచ్చరికలు రాకూడదంటుంది. మనిషి చేయవలసిన పని ఏదీ లేని సమాచారం హెచ్చరిక కాదు, దాని చోటు రికార్డులో.

రికార్డుకూ పద్ధతి కావాలి. ముందు చెప్పిన 2 లక్షల 88 వేల రాశులను సెకనుకోసారి నమోదు చేస్తే రోజుకు సుమారు 2,488 కోట్ల విలువలవుతాయి. అందుకే విలువ ఒక నిర్ణీత మేరకు మారినప్పుడే నమోదు చేయడం, ప్రతి నమోదుకూ కచ్చితమైన కాలముద్ర వేయడం, విశ్లేషణకు అవసరమయ్యే కొద్ది రాశులను వేరే డేటాబేస్‌లో కణ ఘటనలతో జోడించడం ఆచారమయ్యాయి. ఏ సెన్సర్‌ను ఎప్పుడు మార్చారు, ఏ హద్దును ఎవరు సడలించారు అన్న చరిత్ర కూడా అందులో చేరకపోతే, పదేళ్ల తర్వాత ఆ అంకెలకు అర్థం చెప్పేవారుండరు.

భారతదేశంలో నేటి స్థితి

ఐకాల్‌కు కేంద్ర మంత్రివర్గం 2015 జనవరిలో ఆమోదం తెలిపినా, పర్యావరణ అభ్యంతరాలు, స్థానిక వ్యతిరేకత, కోర్టు వివాదాల వల్ల నిర్మాణం ముందుకు సాగలేదు. అయితే దాని చిన్న నమూనాగా 85 టన్నుల మినీ ఐకాల్ మదురైలో 2018 నుంచి పనిచేస్తూ, ఆర్‌పీసీలు, వాయు వ్యవస్థ, అయస్కాంతం, ఎలక్ట్రానిక్స్ కలిసి నడిచే తీరును పరీక్షించడానికి ఆధారమైంది. పూర్తిస్థాయిలో నిలబడిన మరో ఉదాహరణ లద్దాఖ్‌లోని హాన్లేలో సుమారు 4,300 మీటర్ల ఎత్తున ఉన్న మేస్ గామా కిరణాల టెలిస్కోప్. భాభా అణు పరిశోధన కేంద్రం రూపకల్పనలో హైదరాబాద్ ఈసీఐఎల్ నిర్మించిన ఈ టెలిస్కోప్‌కు 21 మీటర్ల వ్యాసంగల దర్పణ ఫలకం, 1,088 ఫోటోమల్టిప్లయర్ ట్యూబులతో కూడిన కెమెరా ఉన్నాయి. 2024 అక్టోబరు 4న దీన్ని ప్రారంభించారు. ప్రాణవాయువు తక్కువగా ఉండి, గడ్డకట్టే చలిలో, మనుషులు ఎక్కువసేపు దగ్గర ఉండలేని చోట పనిచేసే ఇలాంటి యంత్రానికి దూరనియంత్రణ విలాసం కాదు, ఉనికికే ఆధారం. గాలి వేగం పెరిగితే టెలిస్కోప్‌ను విశ్రాంతి స్థితికి తేవడం, వెలుగు ఎక్కువైతే ట్యూబుల వోల్టేజిని తగ్గించడం వంటి నిర్ణయాలు అలాంటిచోట మనిషి మెలకువ మీద ఆధారపడకూడదు. అయ్యగారి సాంబశివరావు ఆధ్వర్యంలో 1967లో మొదలైన ఈసీఐఎల్‌కు అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ పరికరాల తయారీలో ఉన్న దశాబ్దాల అనుభవం ఇటువంటి పనులకు పునాదిగా నిలిచింది.

ఈ ఉదాహరణలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తీర్పు స్పష్టమవుతుంది. భారతదేశానికి డిటెక్టర్లు కట్టే నైపుణ్యమూ, నియంత్రణ పరికరాలు తయారుచేసే పరిశ్రమా రెండూ ఉన్నాయి. కానీ అవి ఒక్కో ప్రాజెక్టు చుట్టూ కూడి, ప్రాజెక్టు ముగియగానే చెదిరిపోతున్నాయి. కోలార్ అనుభవం ఊటీకి, ఊటీ అనుభవం మదురైకి మనుషుల జ్ఞాపకాల ద్వారా చేరింది గాని, ప్రయోగాలన్నీ పంచుకునే ఉమ్మడి చట్రం ద్వారా కాదు. ఆ చట్రాన్ని నిర్మించడం పెద్ద సంస్థల పని. దాన్ని నడిపే మనుషులను తయారుచేయడం మాత్రం చిన్న ఊళ్లలోనూ సాధ్యమే. మ్యూయాన్లు ఆదోని కొండల మీదా, ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్ల మీదా సముద్రమట్టంలో పడినంతగానే పడుతున్నాయి. కణం దాటినప్పుడు మెరిసే ఒక చిన్న సింటిలేటర్ పలక, కొద్దిపాటి సెన్సర్లు, ఒక ఉచిత నియంత్రణ సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ ప్రాంతపు డిగ్రీ, ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు వేసవి వేడిలో, వోల్టేజి ఒడిదుడుకుల్లో ఏడాది పొడవునా లెక్క తప్పకుండా ఒక డిటెక్టర్‌ను నడిపి చూడవచ్చు. అలా నడపగలిగినవారే రేపు 28 వేల చాంబర్ల బాధ్యత తీసుకోగలరు గనుక, విశ్వవిద్యాలయాలు భౌతికశాస్త్ర, ఎలక్ట్రానిక్స్ పాఠ్యప్రణాళికల్లో ఈ అభ్యాసానికి చోటు కల్పించాలి.